కీమోకైన్ గ్రాహకాలు, వాపు, రోగనిరోధక స్పందన: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో పీజీ విద్యార్థులకు ఇమ్యునాలజీ పాఠాలు చెబుతున్న ఇన్నేళ్లలో తరగతి గదిలో పదే పదే ఎదురైన ప్రశ్నలు కొన్ని, జబ్బు చేసిన వారి బంధువులు ఫోను చేసి అడిగినవి కొన్ని ఇక్కడ చేర్చాను. రిసెప్టర్‌ను గ్రాహకం అనీ, ఇన్‌ఫ్లమేషన్‌ను వాపు అనీ రాశాను. వాపు అన్నప్పుడు ఉబ్బు ఒక్కటే కాదు, దానితో వచ్చే ఎరుపు, వేడి, నొప్పి కూడా కలిపి అర్థం చేసుకోవాలి.

కీమోకైన్ అంటే ఏమిటి? దాని గ్రాహకం ఎక్కడ ఉంటుంది?

కీమోకైన్లు కణాలు బయటకు వదిలే చిన్న ప్రొటీన్లు. ఒక్కొక్కటి సుమారు 8 నుంచి 10 కిలోడాల్టన్ల బరువు ఉంటుంది. తెల్ల రక్తకణాలను ఒక చోటికి రప్పించడం, ఒక చోట నిలిపి ఉంచడం వీటి ముఖ్యమైన పని. ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకం తెల్ల రక్తకణపు పొర మీద ఉంటుంది. సూదీ దారంతో గుడ్డను గుచ్చి తీసినట్టుగా, ఆ గ్రాహకపు ప్రొటీన్ గొలుసు కణపు పొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరి వస్తుంది. బయటి కొసకు కీమోకైన్ తగిలినప్పుడు గ్రాహకం ఆకారం కొద్దిగా మారుతుంది. దానితో లోపలివైపు ఉండి సంకేతాన్ని చేరవేసే జి-ప్రొటీన్ మేలుకొంటుంది, ఆ పక్కన కణానికి కదలిక ఇచ్చే యాక్టిన్ పోగులు అల్లుకుంటాయి, కణం ఆ దిక్కుకు కాలు చాస్తుంది. మనుషుల్లో 40కి పైగా కీమోకైన్లు ఉంటే, సంకేతం అందించే గ్రాహకాలు సుమారు 20 మాత్రమే ఉన్నాయి. ఈ లెక్కలోని తేడాను గుర్తుపెట్టుకోండి, మందుల ప్రశ్న దగ్గర దానితో పని పడుతుంది.

సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4 వంటి పేర్లను ఎలా చదవాలి?

కీమోకైన్ మొదట్లో ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండూ పక్కపక్కనే ఉంటే సీసీ కుటుంబం, మధ్యలో మరో ఆమ్లం ఒకటి ఉంటే సీఎక్స్‌సీ కుటుంబం. చివర ‘ఎల్’ ఉంటే అది కీమోకైన్, ‘ఆర్’ ఉంటే గ్రాహకం. పాత పుస్తకాల్లో ఐఎల్-8 అన్నది ఇప్పటి సీఎక్స్‌సీఎల్8, ఎంసీపీ-1 అన్నది సీసీఎల్2.

కాలిలో ముల్లు విరిగితే అక్కడ ఈ గ్రాహకాలు చేసే పని ఏమిటి?

తుమ్మముల్లు మడమలో విరిగిందనుకోండి. ముల్లుతో పాటు దిగిన బాక్టీరియాను అక్కడే కాపురమున్న, సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు పసిగట్టి, కొద్ది గంటల్లోనే సీఎక్స్‌సీఎల్8 వంటి కీమోకైన్లను వదలడం మొదలుపెడతాయి. ఇవి రక్తంలో పడి కొట్టుకుపోతే ఎవరికీ ఉపయోగం లేదు, కాబట్టి ఆ పక్కనున్న సన్నని రక్తనాళాల లోపలి గోడ మీది చక్కెర గొలుసులకు అంటుకుని అక్కడే నిలుస్తాయి. రక్తంతో పాటు దూసుకుపోతున్న న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం ముందుగా సెలెక్టిన్ అనే అణువుల పట్టు వల్ల నెమ్మదించి గోడ వెంట దొర్లుతుంది. దొర్లుతూ దొర్లుతూ గోడ మీది సీఎక్స్‌సీఎల్8ను తన సీఎక్స్‌సీఆర్1, సీఎక్స్‌సీఆర్2 గ్రాహకాలతో తాకగానే, దాని ఒంటి మీద అంతవరకూ ముడుచుకుని ఉన్న ఇంటిగ్రిన్లు అనే పట్టు ప్రొటీన్లు నిటారుగా లేచి గోడను గట్టిగా పట్టుకుంటాయి. కణం అక్కడ ఆగి, చదునై, గోడ కణాల సందులోంచి దూరి కండలోకి దిగుతుంది.

మర్నాటికి మడమలో కనిపించే చీములో అధిక భాగం ఇలా వచ్చి, పోరాడి, చచ్చిన న్యూట్రోఫిల్స్. వాటి వెనుక సీసీఆర్2 గ్రాహకం ఉన్న మోనోసైట్లు అనే తెల్ల కణాలు సీసీఎల్2 పిలుపు మీద వస్తాయి. అవి మాక్రోఫేజ్‌లుగా మారి చచ్చిన కణాలను ఎత్తివేస్తాయి, గాయం మానడానికి దారి చేస్తాయి. వాపు అనేది జబ్బు కాదని, సరైన కణం సరైన వేళకు రావడమేనని విద్యార్థులకు చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ముల్లునే వాడుకుంటాను. రావలసిన కణాలు వచ్చి, పని ముగిశాక కూడా పిలుపు ఆగకపోతేనే అది జబ్బవుతుంది.

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల ఎందుకు కడుతుంది?

మన ఇళ్లలో పెద్దవాళ్లు పుండును, బిళ్లను ఏనాడో ముడిపెట్టి చెప్పారు. ఆ ముడి పేరు సీసీఆర్7. పుండు దగ్గర కాపలా ఉండే డెండ్రైటిక్ కణం బాక్టీరియా ముక్కలను మింగాక, అంతవరకు తనను అక్కడ ఉంచిన గ్రాహకాలను తగ్గించుకుని, సీసీఆర్7ను పొర మీదికి తెచ్చుకుంటుంది. లింఫ్ నాళాలు, లింఫ్ గ్రంథులు వదిలే సీసీఎల్21, సీసీఎల్19 ఆ గ్రాహకానికి తగులుతాయి. కణం ఆ దారి పట్టి గజ్జల్లోని గ్రంథికి చేరుతుంది. రక్తం నుంచి టి-కణాలు (లింఫోసైట్లు అనే తెల్ల కణాల్లో ఒక రకం) కూడా అదే గ్రాహకంతో అదే గ్రంథిలోకి దిగుతాయి. మరో రకం లింఫోసైట్లైన బి-కణాలను సీఎక్స్‌సీఆర్5 గ్రాహకం సీఎక్స్‌సీఎల్13 ఉన్న అరల్లోకి తీసుకుపోతుంది. అంటే, సాక్ష్యం తెచ్చిన కణం, దాన్ని చూసి స్పందించవలసిన కణాలు ఒకే చోట కలిసేలా ఈ గ్రాహకాలు చూస్తాయి. సరిపోయిన టి-కణం దొరికితే అది రెండుగా, నాలుగుగా, వేలుగా పెరుగుతుంది. మీ వేలికి తగిలే బిళ్ల ఆ పెరుగుదలే.

పుండు మానాక కూడా వారాల తరబడి తగ్గని బిళ్లనూ, నొప్పి లేకుండా గట్టిగా పెరిగే బిళ్లనూ మాత్రం డాక్టరుకు చూపించాలి. అది వేరే సంగతి కావచ్చు.

కణానికి కళ్లు లేవు కదా, దిక్కు ఎలా తెలుస్తుంది?

రంజాన్ మాసంలో హలీం బట్టీ ఉన్న గల్లీ మొదట్లో నిలబడితే వాసన ఏ వైపు చిక్కబడుతోందో ముక్కుకు తెలుస్తుంది, కాళ్లు అటే పోతాయి. అదే వంటగది లోపల నిలబడితే అన్ని వైపులా ఒకటే వాసన, దిక్కు తెలియదు. కణమూ అంతే. తన ఒక కొసన ఎన్ని గ్రాహకాలకు కీమోకైన్ తగిలింది, మరో కొసన ఎన్నింటికి తగిలింది అన్న తేడాను బట్టి అది దిక్కు నిర్ణయించుకుంటుంది.

నేను పని చేసిన ఒక ల్యాబులో దీన్ని మా విద్యార్థి ఒకరు అనుకోకుండా నిరూపించారు. బాయిడెన్ చాంబర్ అనే పాత పద్ధతి ఉంది, 1962 నాటిది. పై గదిలో న్యూట్రోఫిల్స్, కింది గదిలో సీఎక్స్‌సీఎల్8, మధ్యలో 3 మైక్రోమీటర్ల రంధ్రాలున్న పొర. ముందురోజు ఫలితం సరిగా రాలేదని, ఆ అబ్బాయి కింది గదిలో కీమోకైన్‌ను పది రెట్లు పోశాడు. గంట తర్వాత పొరకు రంగు వేసి చూస్తే కిందికి దిగిన కణాలు ఇంకా తగ్గిపోయాయి. ఒక కణం మాత్రం రంధ్రంలో సగం ఇరుక్కుని, దాని కేంద్రకపు తమ్మెలు సాగిన దారంలా కనబడింది. అందరం వంతులవారీగా తొంగి చూశాం. కీమోకైన్ మరీ ఎక్కువైతే గ్రాహకాలన్నీ ఒకేసారి నిండిపోతాయి. వాటికి అరెస్టిన్ అనే ప్రొటీన్ తగులుకుంటుంది, కణం వాటిని లోపలికి లాగేసుకుంటుంది. కొంతసేపటి వరకు అది మొద్దుబారి ఉంటుంది. ఇక మొదటి రోజు ఫలితం ఎందుకు రాలేదంటే, కీమోకైన్‌ను ఉత్త బఫర్‌లో పలచన చేసి ప్లాస్టిక్ గొట్టంలో ఉంచారు. తోడుగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్ లేకపోవడంతో అందులో చాలా భాగం గొట్టం గోడకే అంటుకుపోయింది.

చర్మానికి వెళ్లే కణం, పేగుకు వెళ్లే కణం వేరువేరా?

పుట్టుకతో వేరు కాదు, శిక్షణతో వేరు. పేగు దగ్గరి గ్రంథుల్లో డెండ్రైటిక్ కణాలు విటమిన్-ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లం తయారు చేస్తాయి. దాని సమక్షంలో పెరిగిన టి-కణం సీసీఆర్9 తెచ్చుకుని, సీసీఎల్25 ఉన్న చిన్నపేగుకు పోతుంది. చర్మం దారి పట్టిన టి-కణాల మీద సీసీఆర్4, సీసీఆర్10 ఉంటాయి. సోరియాసిస్ మచ్చల్లో గుమిగూడే టి-కణాల్లో సీసీఆర్6 ఉన్నవి ఎక్కువ.

ఎముక మూలుగలోంచి తెల్ల కణాలను బయటకు పంపేది కూడా ఈ గ్రాహకాలేనా?

అవును. అయితే ఇక్కడ పని పిలవడం కంటే పట్టి ఉంచడమే ఎక్కువ. మూలుగలోని కణాలు సీఎక్స్‌సీఎల్12ను వదులుతుంటాయి, రక్తకణాలన్నిటికీ పుట్టుకైన మూలకణాల మీద, లేత న్యూట్రోఫిల్స్ మీద ఉండే సీఎక్స్‌సీఆర్4 దానికి తగులుకుని వాటిని అక్కడే ఆపుతుంది. న్యూట్రోఫిల్ ముదిరేకొద్దీ సీఎక్స్‌సీఆర్4 పట్టు సడలి, సీఎక్స్‌సీఆర్2 లాగుడు పెరిగి, కణం రక్తంలోకి వస్తుంది.

ఈ పట్టు సడలకపోతే ఏమవుతుందో విమ్ సిండ్రోమ్ అనే అరుదైన వంశపారంపర్య జబ్బు చూపిస్తుంది. ఇందులో సీఎక్స్‌సీఆర్4 జన్యువులోని దోషం వల్ల గ్రాహకం ఆగవలసిన చోట ఆగక పనిచేస్తూనే ఉంటుంది. మూలుగ నిండా న్యూట్రోఫిల్స్, రక్తంలో మాత్రం కరువు. పులిపిర్లు, తరచూ ఇన్ఫెక్షన్లు వస్తాయి. 1964లో వైద్య పత్రికలో మొదటగా వర్ణించిన రోగి విషయం 2015లో మళ్లీ వార్తకెక్కింది. ఆమె మూలకణం ఒకదానిలో 2వ క్రోమోజోము ముక్కలై తిరిగి అతుక్కునేటప్పుడు, ఎన్నో ఇతర జన్యువులతో పాటు దోషమున్న సీఎక్స్‌సీఆర్4 ప్రతి కూడా రాలిపోయింది. ఆ మూలకణపు సంతతే మూలుగంతా ఆక్రమించడంతో జబ్బు దానంతటదే నయమైంది. ఇమ్యునాలజీలో ఇంతకన్నా వింత కథ నాకు మరొకటి తెలియదు. ఇదే గ్రాహకాన్ని అడ్డుకునే మావోరిక్సాఫోర్ అనే మాత్రకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ప్లెరిక్సాఫోర్ కథ కూడా చెప్పుకోదగ్గదే. దాన్ని మొదట హెచ్ఐవీ మందుగా పరీక్షించారు. ఇంజెక్షన్ తీసుకున్న వారి రక్తంలో తెల్ల కణాల సంఖ్య పెరగడం చూసి, అది మూలుగ పట్టును విడిపిస్తోందని గ్రహించారు. 2008లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందును మైలోమా, లింఫోమా అనే రక్త క్యాన్సర్ల రోగుల నుంచి మూలకణాలు సేకరించే ముందు, మూలుగను ప్రేరేపించే జి-సీఎస్ఎఫ్ మందుతో కలిపి ఇస్తారు.

కోరింత దగ్గు వచ్చిన పసిపాపకు లింఫోసైట్లు ఎందుకు అంతగా పెరుగుతాయి?

ఆ బాక్టీరియా వదిలే పర్టుసిస్ విషం, కీమోకైన్ గ్రాహకాల కింద పనిచేసే జి-ప్రొటీన్‌నే పనికిరాకుండా చేస్తుంది. గ్రాహకం ఉంటుంది, కీమోకైన్ తగులుతుంది, లోపలికి కబురు మాత్రం చేరదు. లింఫోసైట్లు గ్రంథుల్లోకి దిగలేక రక్తంలోనే తిరుగుతుంటాయి. రిపోర్టులో అంకె పెరిగిందంటే రోగనిరోధక శక్తి పెరిగినట్టు కాదు, కణాలకు ఇల్లు దొరకనట్టు. పిల్లలకు 6, 10, 14 వారాల వయసులో ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో ఈ దగ్గుకు రక్షణ ఉంది. దాన్ని వాయిదా వేయకండి.

హెచ్ఐవీకి, సీసీఆర్5కు సంబంధం ఏమిటి?

హెచ్ఐవీ కణంలో చొరబడడానికి కణపు పొర మీది సీడీ4 అనే ప్రొటీన్ ఒక్కటే చాలదనీ, తోడుగా సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ కావాలనీ 1996లో తేలింది. సీసీఆర్5 జన్యువులో 32 డీఎన్ఏ అక్షరాలు లోపించిన రెండు ప్రతులు వారసత్వంగా పొందిన వారి కణాల మీద ఈ గ్రాహకం ఉండదు. సీసీఆర్5ను వాడుకునే రకం వైరస్ వారికి దాదాపుగా సోకదు. ఐరోపా సంతతి వారిలో ఇలాంటివారు సుమారు 1 శాతం ఉంటారు, మన దేశంలో చాలా అరుదు. ‘బెర్లిన్ పేషెంట్’గా పేరుపడ్డ తిమోతీ రే బ్రౌన్‌కు ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ కోసం చేసిన మూలకణ మార్పిడిలో అలాంటి దాత మూలకణాలు ఇచ్చారు. ఆయన శరీరంలో హెచ్ఐవీ తిరిగి రాలేదు. 2020లో ఆయన మరణించింది ల్యుకేమియా తిరగబెట్టడం వల్ల.

సీసీఆర్5ను అడ్డుకునే మారవిరాక్ మందు 2007లో వచ్చింది. ఇక్కడి ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) కేంద్రాల్లో మొదటగా ఇచ్చే మందుల్లో అది లేదు, లేనంత మాత్రాన చింతించనక్కరలేదు. ఆ కేంద్రాల్లో ఇచ్చే మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటే వైరస్‌ను బాగా అణచి ఉంచుతాయి.

మలేరియాకు కూడా ఇలాంటి సంబంధం ఉందా?

ఈ ప్రశ్న మన ఊళ్లో అడగవలసినదే. దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాదులోనే. వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవి ఎర్రకణంలోకి దూరడానికి పట్టుకునే పిడి డఫీ అణువు. ఆ అణువు నిజానికి ఏసీకేఆర్1 అనే అసాధారణ కీమోకైన్ గ్రాహకం. ఇది కణాన్ని కదిలించదు, రక్తంలో ఎక్కువైన కీమోకైన్లను పీల్చి ఉంచుకునే దూదిలా పనిచేస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో అధిక సంఖ్యాకుల ఎర్రకణాల మీద ఇది ఉండదు కాబట్టి అక్కడ వైవాక్స్ చాలా తక్కువ. మనలో దాదాపు అందరికీ ఉంటుంది, అందుకే వైవాక్స్ మనకు పాత చుట్టం.

కోవిడ్ తీవ్రతకు ఈ జన్యువులు కారణమా?

3వ క్రోమోజోము మీద, సీసీఆర్9, సీఎక్స్‌సీఆర్6 జన్యువులున్న చోట, నియాండర్తాల్ మానవుల నుంచి వచ్చిన ఒక డీఎన్ఏ భాగం తీవ్ర కోవిడ్‌తో ముడిపడి ఉందని 2020లో తేలింది. దక్షిణాసియాలో దాదాపు సగం మంది దాని ఒక ప్రతినైనా మోస్తున్నారు. కానీ ఆ ఇరుగుపొరుగులోనే ఎల్‌జెడ్‌టీఎఫ్ఎల్1 అనే మరో జన్యువు ఉంది, తర్వాతి పరిశోధన దానివైపే ఎక్కువగా వేలు చూపింది. కాబట్టి నేరం గ్రాహకాల మీద మోపడం తొందరపాటు.

ఉబ్బసంలో వీటి పాత్ర ఏమిటి? మృగశిర కార్తె చేప మందు వీటి మీద పనిచేస్తుందా?

ఎలర్జీతో వచ్చే ఉబ్బసంలో ఇయోసినోఫిల్ కణాలు సీసీఆర్3 గ్రాహకంతో, ఇయోటాక్సిన్ అనే కీమోకైన్ వెంట శ్వాసనాళాల్లోకి చేరతాయి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొరమీను పిల్లతో ఇచ్చే మందు గురించి ఏటా జూన్‌లో నన్ను అడుగుతారు. అది ఈ గ్రాహకం మీద గానీ ఉబ్బసం మీద గానీ పనిచేస్తుందని శాస్త్రీయ పరీక్షలో రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్లేవారితో నేను వాదించను, ఇన్‌హేలర్ మాత్రం ఒక్కరోజు కూడా మానవద్దని చెబుతాను.

నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు ఈ గ్రాహకాలనే అడ్డుకుంటాయా?

కాదు. ఐబూప్రోఫెన్ వంటివి నొప్పి, వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. స్టెరాయిడ్లు ఎన్నో కీమోకైన్ల ఉత్పత్తిని ఒక్కసారిగా తగ్గిస్తాయి, వాటి బలమూ, దుష్ఫలితాలూ రెండూ అందులోనే ఉన్నాయి.

రక్తపరీక్షలో ఈ గ్రాహకాలు తెలుస్తాయా?

మామూలు సీబీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షల్లో తెలియవు. ఫ్లో సైటోమెట్రీతో చూడవచ్చు గానీ, వాపు జబ్బుల చికిత్సలో ఆ అంకెతో డాక్టరు తీసుకునే నిర్ణయమేదీ మారదు. అందుకని డబ్బు పెట్టి చేయించుకోనక్కరలేదు.

ఇంత తెలిసినా, కీళ్లవాతానికి ఈ గ్రాహకాలను అడ్డుకునే మందు ఎందుకు లేదు?

నా దృష్టిలో అన్ని ప్రశ్నల్లోకీ ఇదే ముఖ్యమైనది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో వాచిన మోకాలి నీరు తీసి చూస్తే ఒకటి కాదు, ఎన్నో కీమోకైన్లు ఉంటాయి. అక్కడికి వచ్చే మోనోసైట్ ఒంటి మీద సీసీఆర్1, సీసీఆర్2, సీసీఆర్5 అన్నీ ఉండవచ్చు. ఒక్కదాన్ని మూస్తే కణం మరో దారిన వస్తుంది. ఈ మూడింటినీ విడివిడిగా అడ్డుకున్న మందులను రోగుల మీద పరీక్షించారు, ఆశించిన ఫలితం రాలేదు. పైగా సీసీఆర్2ను మూసినప్పుడు రక్తంలో సీసీఎల్2 పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని మింగి తొలగించేది కూడా ఆ గ్రాహకమే. గ్రాహకాల్లో కొద్ది భాగం తెరిచి ఉన్నా కణం కదలగలదు, కాబట్టి రోజంతా దాదాపు పూర్తిగా మూసి ఉంచే మోతాదు కావాలి. వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఇదే జబ్బులో పనిచేస్తున్నాయంటే, అవి వాగులను ఒక్కొక్కటిగా కాకుండా ఎగువ చెరువు దగ్గరే తూము మూయడం వల్ల.

ఇప్పుడు గెలిచిన మందులను చూడండి. మారవిరాక్ ఆపేది వైరస్‌ను. ప్లెరిక్సాఫోర్ విడిపించేది సీఎక్స్‌సీఆర్4 అనే ఒకే పట్టును. జపాన్‌లో 2012లో, అమెరికాలో 2018లో అనుమతి పొందిన మొగములిజుమాబ్, సీసీఆర్4 ఉన్న క్యాన్సర్ టి-కణాలను గుర్తుపట్టి చంపించే యాంటీబాడీ. వీటిలో ఏదీ మామూలు వాపు జబ్బుకు వాడే మందు కాదు. ఒకే గ్రాహకం మీద మొత్తం పని ఆధారపడిన చోట మందు నెగ్గింది, పదిమంది పంచుకున్న పనిలో ఓడింది అన్నది నేను తీసుకున్న పాఠం. అయితే ఈ సూత్రానికి ఎదురు తిరిగిన ఉదాహరణా ఉంది. సీసీఆర్9, సీసీఎల్25 దాదాపు ఏకాంత జంట, అయినా ఆ గ్రాహకాన్ని మూసే వెర్సిర్నాన్ క్రోన్స్ అనే పేగువాపు వ్యాధిలో మూడో దశ పరీక్షలో విఫలమైంది. పేగులో అప్పటికే చేరి కాపురమున్న కణాలను, కొత్తవాటిని రాకుండా ఆపే మందు ఏం చేయగలదు అని నాకనిపిస్తుంది.

పరాన్నజీవులు మనకంటే ముందే ఈ సంగతి గ్రహించాయి. పశువులను పట్టే పిడుదు రోజుల తరబడి కరిచి ఉన్నా అక్కడ పెద్దగా వాపు రాదు. దాని లాలాజలంలోని ఇవాసిన్ అనే ప్రొటీన్లు గ్రాహకాల జోలికి పోకుండా, ఒక్కొక్కటీ ఎన్నో కీమోకైన్లను ఒకేసారి పట్టేస్తాయి. పిడుదు నుంచి నేర్చుకోవాలని చూస్తున్న పరిశోధకులు ఇప్పుడు ఉన్నారు.

ఇలాంటి మందు క్లినికల్ ట్రయల్‌లో చేరమని ఆసుపత్రిలో అడిగారు. ఏం చూసుకోవాలి?

ట్రయల్ మన దేశపు సీటీఆర్ఐ రిజిస్టరులో నమోదై ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, సమ్మతి పత్రం మీకు తెలుగులో ఇచ్చి చదివి వినిపించాలి. ఇవి అడగడానికి మొహమాటపడకండి. ఆ తర్వాత డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. నా జబ్బులో ఈ గ్రాహకం పనిని ఇంకేది చేయగలదు? ఈ గ్రాహకం నా ఒంట్లో ఇంకా ఏ పని చేస్తోంది? రెండోది ఎందుకంటే, హెచ్ఐవీ నుంచి కాపాడుతుందని అందరూ మెచ్చుకునే ఆ సీసీఆర్5 లోపమే, వెస్ట్ నైల్ వైరస్ సోకినప్పుడు జబ్బు ముదిరే ప్రమాదాన్ని పెంచుతుంది.